వాద్యం వెనుక మనిషి: సంగీతకారుని రూపచిత్రంపై కొన్ని ఆలోచనలు

సంగీతకారుని రూపచిత్రం తీయబూనినవారికి మొదటి అడుగులోనే ఒక చిక్కు ఎదురవుతుంది. చిత్రించవలసిన వ్యక్తి గొప్పదనం ఉన్నది నాదంలో. కెమెరా పట్టగలిగేది వెలుతురును మాత్రమే. రాజునో మంత్రినో చిత్రించేటప్పుడు కిరీటమూ కుర్చీ దుస్తులూ సగం పని చేసిపెడతాయి. గాయకుని విషయంలో అటువంటి సాయం తక్కువ. తంబురాను పక్కన నిలబెడితే తంబురా కనిపిస్తుంది గాని శ్రుతి వినిపించదు. అయినప్పటికీ కొన్ని ఛాయాచిత్రాలు చూడగానే ఆ మనిషి పాట వినాలన్న కోరిక మనలో కలుగుతుంది. మరికొన్నింటిని చూస్తే వేషమూ వాద్యమూ మాత్రమే గుర్తుంటాయి, మనిషి గుర్తుండడు. ఈ తేడా ఎక్కడ పుడుతుందన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ఈ ప్రశ్న నాకు కలిగింది పుస్తకాల మధ్య కాదు, మరైగూడ సరిహద్దులో. మరైగూడ బస్తరు దక్షిణపు కొసన, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని సుక్మా జిల్లాలో, తెలంగాణ హద్దుకు చేరువగా ఉన్న ఊరు. అటువైపు దొర్లలని, ఇటువైపు కోయలని వ్యవహరింపబడే జనానికి హద్దురాళ్ళ కంటె బంధుత్వాలు పాతవి. సంతకూ పెళ్ళికీ వేల్పుల కొలుపుకూ రాకపోకలు ఎడతెగవు. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, ఇటువైపు జరిగిన ఒక సాంస్కృతిక కార్యక్రమానికి మరైగూడ వైపు నుంచి ఒక డోలు వాద్యకారుడు తన బృందంతో వచ్చాడు. నడివయసు దాటిన మనిషి. మాతో వచ్చిన ఫొటోగ్రాఫరు ఆ పూట చాలా చిత్రాలు తీశాడు. వాటిలో ఒకటి నిజంగా బాగా కుదిరింది. కార్యక్రమం ముగిసి జీపు ఎక్కుతుండగా ఆ వాద్యకారుడు నా దగ్గరకు వచ్చి, "సారూ, ఆ బొమ్మ నాకొకటి ఇప్పిస్తరా?" అని అడిగాడు. "అట్లాగే పెద్దయ్యా, పంపిస్తాను" అన్నాను. పంపలేదు. పంపటానికి ఆయన పేరు నేను రాసుకొని ఉంటే గదా! ఆ చిత్రం వెనుక నా చేతిరాతతో ఉన్నది రెండే మాటలు: "గిరిజన వాద్యం". కొన్నేళ్ళ తరువాత ఒక ప్రచురణ కోసం ఆ కళాకారుని పేరు కావాలని అడిగినప్పుడు మా దస్త్రాల్లో ఎవరివద్దా సమాధానం లేకపోయింది.

ఈ లోపం ఎటువంటిదో నాకు స్పష్టంగా తెలిసివచ్చింది దయానితా సింగ్ గ్రంథం "జాకీర్ హుస్సేన్" గురించి చదివి, ఆమె పనిని శ్రద్ధగా చూసిన తరువాతనే. 1961లో ఢిల్లీలో జన్మించిన దయానితా సింగ్ 1980వ దశకం ఆరంభంలో అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో విద్యార్థిని. జాకీర్ హుస్సేన్ అప్పటికి ముప్ఫైయేళ్ళ వాడు. అల్లా రఖా కుమారుడిగా, 1970వ దశకంలో జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి నడిపిన "శక్తి" బృందంలో సభ్యుడిగా పేరు వచ్చింది గాని, లోకమంతా ఎరిగిన ఉస్తాదు కావటానికి ఇంకా దూరం ఉన్నది. 1981లో ఒక కచేరీలో ఆయనను ఫొటో తీయబోయిన ఈ విద్యార్థినిని నిర్వాహకుడు ఒకరు అడ్డుకున్నారు. ఆ తోపులాటలో ఆమె కింద పడిపోయింది. అవమానంతో ఆమె బయట వేచి ఉండి, వచ్చిన జాకీర్‌తో, తాను ఇవాళ విద్యార్థినినే గాని ఏదో ఒకనాడు పేరున్న ఛాయాచిత్రకారిణి అవుతానని, అప్పుడు చూద్దామని అన్నదట. కోపగించుకోవలసిన చోట జాకీర్ ఆమెకు దారి ఇచ్చాడు. ఆ తరువాత ఆరు శీతకాలాలు ఆమె ఆయన వెంట, ఇతర సంగీతకారుల వెంట ప్రయాణం చేసింది. మన దేశంలో శాస్త్రీయ సంగీత కచేరీల ఋతువు శీతకాలమే. 1986లో పుస్తకం వెలువడింది.

ఈ వృత్తాంతంలో పాఠకులను ఆకర్షించేది ఆ యువతి పౌరుషం. విమర్శకుని దృష్టితో చూస్తే దానికంటె ముఖ్యమైనది ఆరు శీతకాలాలన్న లెక్క. ఒక్క కచేరీకి వెళ్ళిన ఫొటోగ్రాఫరుకు దొరికేది వేదిక మీది మనిషి. రెండవ ఏడు వెళ్ళినవానికి వేదిక వెనుక గది తలుపు తెరుచుకుంటుంది. మూడవ ఏడు ప్రయాణంలో పక్క సీటు దొరుకుతుంది. అటుపైన అతడు అక్కడ ఉన్నాడన్న ఎరుకే ఇతరులకు పోతుంది. దయానితా పుస్తకంలో వేదిక మీది చిత్రాలతో పాటు ఇంటి చిత్రాలూ ప్రయాణపు చిత్రాలూ తండ్రి సన్నిధిలోని కుమారుని చిత్రాలూ చేరగలగటానికి కారణం ఈ కాలమే. అల్లా రఖా ఎదుట కూర్చున్న జాకీర్ తార కాడు, శిష్యుడు. ఎదుగుతున్న కళాకారుని కథలో ఈ శిష్యత్వాన్ని చూపని చిత్రం సగమే చెప్పినట్లు లెక్క.

ఇక్కడ సాంకేతికమైన సంగతి ఒకటి పేర్కొనవలసి ఉన్నది. ఆ రోజుల్లో ఫిల్ము మీద, కచేరీ మందిరపు మసక వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా తీయటమంటే షట్టరును సెకనులో ముప్ఫయ్యవ వంతు వరకో అంతకంటె ఎక్కువసేపో తెరచి ఉంచవలసి వచ్చేది. అంతసేపట్లో తబలా వాయించేవాని వేళ్ళు ఎన్నో చోట్లకు వెళ్ళివస్తాయి. కాబట్టి ముఖం నిలకడగా, చేతులు పొగలాగా వస్తాయి. దీనిని లోపంగా భావించి ఫ్లాష్ వేస్తే వేళ్ళు రాతిలాగా నిలిచిపోతాయి, లయ చచ్చిపోతుంది, కళాకారుని ఏకాగ్రతా చెదురుతుంది. తెలిసిన ఛాయాచిత్రకారుడు ఆ చలనాన్ని ఉండనిచ్చి ముఖం కోసం వేచి ఉంటాడు. ఎంతసేపు వేచి ఉండాలో చెప్పేది తాళజ్ఞానమే. తీన్‌తాళంలో 16 మాత్రలు. ఆవర్తం తిరిగి మొదటి మాత్ర మీదకు, అంటే సమానికి చేరినప్పుడు వాద్యకారుని ముఖంలో విడుదల కనిపిస్తుంది. సమం వినబడిన తరువాత మీట నొక్కితే ఆలస్యమైపోయినట్లే. అది వస్తున్నదని ముందే ఎరిగి ఉండాలి. అంటే చెవితో తీయని ఫొటో సంగీతకారుని ఫొటో కాజాలదు. జాకీర్‌ను దయానితా తన తొలి గురువుగా చెప్పుకొన్నది. సాధన అంటే ఏమిటో ఆయన వద్దనే నేర్చుకున్నానన్నది. కెమెరా పట్టినవారు చిత్రం లోపలి మనిషికి శిష్యులు కావటం అరుదు. ఆ పుస్తకపు విశిష్టత అక్కడే ఉన్నది.

తరువాతి చరిత్ర పాఠకులకు తెలిసినదే. ఆమె చేతితో తయారుచేసుకున్న నమూనా ప్రతిని జర్మనీలోని స్టైడల్ సంస్థ 2019లో యథాతథంగా ముద్రించింది. 2022లో ఆమెకు హాసెల్‌బ్లాడ్ పురస్కారం లభించింది. జాకీర్ హుస్సేన్ 2023లో పద్మవిభూషణుడై, 2024 ఫిబ్రవరిలో ఒకే రోజున మూడు గ్రామీ పురస్కారాలు అందుకొని, అదే సంవత్సరం డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించారు. ఆయన పోయిన తరువాత ఎన్నో పత్రికలు బంగారు రోజుల చిత్రాలు వేశాయి. కాని ఆయన ఇంకా ఎదుగుతున్న దశలో ఎట్లా ఉండేవాడో తెలుసుకోవాలంటే పోవలసినది ఒక విద్యార్థిని పుస్తకం దగ్గరకే. కీర్తి వచ్చిన తరువాత తీసిన చిత్రం కీర్తిని చూపుతుంది. రాకముందు తీసినది మనిషిని చూపుతుంది.

ఈ కొలబద్దను పట్టుకొని బస్తరు వైపు తిరిగి చూస్తే మనకు కనిపించేది మరొక చరిత్ర. బస్తరు సంస్థానంలో పరిపాలనాధికారిగా పనిచేసిన గ్రిగ్‌సన్ 1938లో మారియా గోండులపై ఉద్గ్రంథం ప్రచురించాడు. నృత్యవేళ తలపై ధరించే అడవిదున్న కొమ్ముల కిరీటాన్ని బట్టి ఒక వర్గానికి "కొమ్ముల మారియాలు" అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టినవాడు ఆయనే. 1947లో వెరియర్ ఎల్విన్ మురియాల ఘోటుల్ వ్యవస్థపై తన బృహద్గ్రంథాన్ని వెలువరించాడు. ఎల్విన్‌తో కలిసి తిరిగిన సునీల్ జానా తీసిన గిరిజనుల చిత్రాలు మన ఛాయాచిత్ర చరిత్రలోనే గొప్పవి. వీరి శ్రమను, గిరిజనుల పట్ల వీరికి ఉన్న ఆదరాన్ని తక్కువ చేయటం కృతఘ్నత అవుతుంది. అయినా ఒక మాట అనక తప్పదు. ఒక జనానికి తలపాగాను బట్టి పేరు పెట్టిన నాటి నుంచి కెమెరా చూపు ముందుగా కొమ్ముల మీదనే ఆగింది. డోలు కనిపించింది, వాయించేవాడు "ఒక మారియా యువకుడు" అయినాడు. శాస్త్రానికి ప్రతినిధి కావాలి, వ్యక్తి అక్కరలేదు. నేను ఆ ఫొటో వెనుక "గిరిజన వాద్యం" అని రాసినప్పుడు, తెలియకుండానే ఆ పాత అలవాటునే పాటించాను.

బస్తరులో పేరుతో సహా లోకానికి ఎక్కిన ముఖం ఒకటి ఉన్నది. నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన చెంద్రూ అనే బాలుని నాయకునిగా పెట్టి స్వీడను దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ తీసిన చిత్రం 1957లో విడుదలైంది. ఇంగ్లీషులో దాని పేరుకు "వేణువూ బాణమూ" అని అర్థం. సంగీతం సమకూర్చినవారు రవిశంకర్. ఆయన కూడా అప్పుడప్పుడే దేశాంతరాల్లో పేరు తెచ్చుకుంటున్న కళాకారుడే. పులిపిల్లతో ఆడుకొనే చెంద్రూ ఛాయాచిత్రాలతో ఆస్ట్రిడ్ బెర్గ్‌మన్ సుక్స్‌డార్ఫ్ కూర్చిన పుస్తకం పాశ్చాత్య దేశాల పిల్లలకు పరిచయమైంది. చెంద్రూ స్వీడను వెళ్ళి వచ్చాడు. తిరిగి తన ఊళ్ళోనే, పేదరికంలోనే జీవించి, 2013లో మరణించాడు. ఆ చిత్రంతో సంబంధమున్న రవిశంకర్ లోకప్రసిద్ధుడు కావటమూ, చెంద్రూ ఊరికి తిరిగిపోవటమూ పక్కపక్కన పెట్టి చూస్తే, రూపచిత్రం ఎవరి జీవితాన్ని ముందుకు నడుపుతుంది, ఎవరి జీవితాన్ని అక్కడే వదిలివేస్తుంది అన్న ప్రశ్న రాక మానదు. రవిశంకర్ చేతిలో విద్య ఉన్నది, దానిని వినే సభలు ఉన్నాయి. చెంద్రూకు మిగిలినది చిత్రమొక్కటే. దాని మీద హక్కు కూడా అతనిది కాదు.

ఇక మన వైపు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య పేరు 2022 జనవరిలో పద్మశ్రీ జాబితాలో వెలువడింది. కంచుమేళం, కంచుతాళం వాయించే కళాకారుడు ఆయన. కోయల ఇలవేల్పుల కథలను, సమ్మక్క సారలమ్మల చరిత్రను, గిరికామరాజు, పగిడిద్దరాజుల గాథలను కోయభాషలోనూ తెలుగులోనూ పాడగలిగినవాడు. పుస్తకం చూసి పాడినది కాదు. తరాలుగా వచ్చిన విద్య. వార్త వెలువడిన మరునాటి నుంచి ఆయన చిత్రాలు ఎన్నో వచ్చాయి. 2024 జూన్‌లో ఆయన మరణించారు. అంటే లోకం ఆయన ముఖాన్ని ఎరిగినది రెండున్నర సంవత్సరాల లోపు మాత్రమే. ఆయన విద్య నేర్చుకుంటున్న వయసులో, గొంతు పూర్తిబలంతో ఉన్న కాలంలో, ఆరు జాతర్ల పాటు ఆయన వెంట తిరిగిన కెమెరా ఏదైనా ఉండి ఉంటే మనకు మిగిలే సంపద వేరుగా ఉండేది.

అదే ఏడాది పద్మశ్రీ పొందిన దర్శనం మొగులయ్యది మరొక రీతి. 12 మెట్ల కిన్నెర వాయించే ఈ కళాకారుడు 2021లో ఒక సినిమా పాటతో ఒక్కసారిగా తెలుగువారందరికీ తెలిశాడు. రాష్ట్రపతి భవనంలో ఆయన పురస్కారం అందుకొన్న చిత్రం అందరూ చూశారు. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో భవన నిర్మాణపు కూలిపని చేస్తున్న దృశ్యం కూడా అందరూ చూశారు. రెండు చిత్రాలూ నిజమే. రెండింటి మధ్య ఉన్న మనిషిని, కిన్నెర శ్రుతి చేసుకుంటూ ఇంట్లో కూర్చున్న మొగులయ్యను, ఎంతమంది చూశారు? ఉత్సవం నాడు ఒక కెమెరా, కష్టం నాడు ఒక కెమెరా వచ్చి పోతే దొరికేవి రెండు వార్తలు, రూపచిత్రం దొరకదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలకు తావున్నది. మొదటిది, ఆరు శీతకాలాలు తిరగటం అందరికీ సాధ్యమా అన్నది. సాధ్యం కాదు. ప్రభుత్వ శాఖలో పనిచేసే ఫొటోగ్రాఫరుకు ఒక పూటలో మూడు ఊళ్ళ కార్యక్రమాలు ఉంటాయి. జీపు ఇతరులది, సమయం పై అధికారిది. నగరంలో చదివి, ప్రసిద్ధుల సన్నిధికి చేరగలిగిన యువతికి ఉన్న వెసులుబాటు అతనికి లేదు. కాబట్టి నింద అతని మీద వేయటం న్యాయం కాదు. కాలం ఇవ్వవలసినది వ్యవస్థ. ఒకే ఫొటోగ్రాఫరును ఒకే జాతరకు వరుసగా కొన్నేళ్ళు పంపితే కొత్త ఖర్చేమీ ఉండదు. పరిచయం మాత్రం పెరుగుతుంది.

రెండవది ఇంతకంటె లోతైన ఆక్షేపణ. కోయల డోలి గాయకులు కథ చెప్పేటప్పుడు పడిగెను నిలుపుతారు. త్రికోణాకారపు ఆ గుడ్డ మీద గట్టుకూ వేల్పుకూ సంబంధించిన గుర్తులు, బొమ్మలు ఉంటాయి. అదే వారి రూపచిత్రం. అందులో ఉన్నది వంశం, గాయకుడు కాదు. అతడు దాని ముందు నిలిచి పాడేవాడే గాని, దాని లోపలికి ఎక్కాలని కోరుకొనేవాడు కాదు. అటువంటి సంప్రదాయంలో వ్యక్తి పేరు, వ్యక్తి ముఖం కావాలని మనం పట్టుపట్టటం పట్టణపు అలవాటు కాదా? గ్రామఫోను రికార్డింగు మన దేశంలో మొదలైన 1902 నుంచి, గౌహర్ జాన్ ముఖం అగ్గిపెట్టెల మీదా పోస్టుకార్డుల మీదా ఎక్కిన నాటి నుంచి పాటకు ముఖం తగిలించి అమ్మే వ్యాపారం ఒకటి బయలుదేరింది. దానినే మనం అడవికి మోసుకుపోతున్నామా?

ఈ ఆక్షేపణను నేను చాలాకాలం ఒప్పుకొన్నాను. నా తప్పుకు అది మర్యాదైన సాకుగా కూడా పనికివచ్చింది. కాని ఆ మరైగూడ వాద్యకారుని మాట దానిని నిలువనీయదు. "ఆ బొమ్మ నాకొకటి ఇప్పిస్తరా?" అని అడిగినవాడు ఆయనే. పడిగె మీద తన వంశం ఉన్నా, కాగితం మీద తన ముఖం ఉండాలని ఆయన కోరుకొన్నాడు. సంప్రదాయం పేరు చెప్పి ఆ కోరికను కాదనే అధికారం మనకు లేదు. పడిగెకూ ఫొటోకూ పోటీ లేదు. పడిగెను డోలి తన ఇంట ఉంచుకుంటాడు, తన చేత నిలుపుతాడు, తరువాతివారికి అప్పగిస్తాడు. మనం తీసిన బొమ్మ మాత్రం మన బీరువాలో ఉంటుంది. తేడా అక్కడ ఉన్నది. పడిగె ఎవరిదో వారి దగ్గరే ఉండే చిత్రం. మనది ఎవరిదో వారికి దక్కని చిత్రం.

అందుచేత సంగీతకారుని రూపచిత్రాన్ని విలువకట్టేటప్పుడు వెలుతురు, కూర్పు, ముద్రణల నాణ్యతతో పాటు మరి మూడు ప్రశ్నలు వేయటం విమర్శకుని ధర్మమని నా అభిప్రాయం. తీసినవారు ఎంతకాలం విన్నారు? చిత్రంలోని మనిషి పేరు చిత్రంతో పాటు ప్రయాణించిందా? ఆ చిత్రం తిరిగి ఆ మనిషికి చేరిందా? దయానితా సింగ్ పుస్తకం ఈ మూడింటికీ నిలుస్తుంది. అందుకే నాలుగు దశాబ్దాల తరువాత కూడా చదువుతున్నాము. బస్తరు పాత చిత్రాలు ఎన్నో మొదటిదానికి నిలిచి రెండవదాని దగ్గర ఆగిపోతాయి. మా దస్త్రాల్లోని చిత్రాలు చాలావరకు మొదటి మెట్టే ఎక్కవు.

అధికారవర్గంలోని పాఠకులకు ఒక చిన్న మనవి. కళాకారుల చిత్రాలు భద్రపరిచే ప్రతి చోటా చిత్రం వెనుక ఈ వివరాలు ఉండేటట్లు చూడవచ్చు: కళాకారుని ఇంటిపేరు, పేరు, ఊరు, కోయలైతే వారు చెప్పిన గట్టు, వాద్యం పేరు వారి భాషలో, విద్య నేర్పినది ఎవరు, ఆ సమయంలో వాయిస్తున్నది ఏ కథలోని ఏ భాగం, తీసిన తేదీ, తీసినవారి పేరు, ప్రతి అందజేసిన తేదీ. ఈ చివరి గడి ఖాళీగా ఉన్నంతవరకు ఆ చిత్రం పని పూర్తి కానట్లే భావించాలి. ఇందుకు కొత్త పథకాలు అక్కరలేదు. ఒక కలమూ, అడగటానికి రెండు నిమిషాల ఓపికా ఉంటే చాలును.

ఇటీవల ఆ పాత చిత్రాన్ని మళ్ళీ చూశాను. డోలు మీద పడబోతున్న కుడిచేయి కదిలి, పొగమంచులాగా ఉన్నది. ముఖం మాత్రం స్పష్టంగా నిలిచింది. దెబ్బ పడకముందే దాని ధ్వనిని విన్నట్లు కళ్ళు సగం మూసుకొని ఉన్నాయి. ఆ పూట మా ఫొటోగ్రాఫరు నిజంగానే విన్నాడు. అతని పని అతడు చేశాడు. వెనుక రాయవలసిన పేరు నా పని. ఆ స్థలం ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది. "గిరిజన వాద్యం" అన్న మాటలను కొట్టివేసి, "మరైగూడ వైపు నుంచి వచ్చిన డోలు వాద్యకారుడు, పేరు కనుక్కోవలెను" అని రాశాను. ఆ ప్రాంతానికి వెళ్ళివచ్చేవారి చేతికి ఒక్కొక్క ప్రతి ఇచ్చి పంపుతున్నాను. సంతలో ఎవరో ఒకరు ఆ ముఖాన్ని గుర్తుపట్టకపోరు.